ఒక సహోదరి కోసం, పేరు వద్దు

పన్నెండేళ్ల కాపురంలో మొదటిసారి, గురువారం సాయంత్రం మా ఆయన మోజెస్ టీ పెట్టి తెచ్చాడు. అల్లం కూడా దంచాడు. నాకు అనుమానం వచ్చింది. "మావాడికి పాపం స్టవ్ వెలిగించడం కూడా రాదమ్మా" అని పెళ్లిరోజే మా అత్తగారు నాకు అప్పగించారు.

హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చాక, వంటకి లేచేలోపు నాకు మిగిలేది అరగంట. ఆ అరగంట నేను మస్కట్లో ఉండను. దిండు కింది ప్రేమ నవల తీసి, రెండొందల ఏళ్ల కిందటి ఇంగ్లండులో ఉంటాను. అక్కడ ఊళ్లో సగం ఆడపిల్లల పేర్లు చెడగొట్టిన దొర ఒకడు, లోకం తెలియని క్లారా అనే పిల్ల ఒకతి. దొర స్వయంగా టీ పోసి ఇచ్చిన రోజే ఆ పిల్ల కొంప మునుగుతుంది. క్లారాకి పద్దెనిమిదేళ్లు, అనుమానించడం రాదు. నేను నర్సుని. పేషెంట్ తాలూకు వాళ్లు మరీ మర్యాదగా మాట్లాడుతున్నారంటే, దొంగచాటుగా బిర్యానీ తినిపించేశారని అర్థం.

టీ బాగుంది. అనుమానం ఇంకా పెరిగింది. గ్లాసులు కడిగి వచ్చేసరికి (కడిగింది నేనే) దిండు కింద పుస్తకం లేదు. అడిగితే "ఏ పుస్తకం?" అన్నాడు, క్లారా అంత అమాయకంగా.

మర్నాడు శుక్రవారం, మస్కట్లోనే ఘాలాలో, మా చర్చి అబిగైల్ వాళ్లింట్లో గృహకూడిక. ప్రార్థనాంశాలు చెప్పమనగానే మోజెస్ లేచాడు.

"ఒక సహోదరి కోసం. పేరు వద్దు. అట్ట మీద చొక్కా గుండీలు పెట్టుకోని దొరల పుస్తకాలకి బానిసైంది. విడుదల కావాలి."

పదిహేను తలలు నావైపు తిరిగాయి. తర్వాత అందరూ కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థించారు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. అబిగైల్ కన్నూ తెరిచే ఉంది.

కూడిక అయ్యాక వంటింట్లో ప్లేట్లు తుడుస్తూ అబిగైల్ మెల్లగా అడిగింది.

"అక్కా, ఆఖర్న ఆ దొర మారతాడా?"

"ఇంకా అరవై పేజీలుండగా మీ బావగారు దాచేశారమ్మా."

ఇంటికొచ్చి వెతికితే ఆయన ఆఫీసు బ్యాగులో దొరికింది. చదివిన చోట చర్చి కానుక కవరు గుర్తుగా పెట్టుకున్నాడు, నాకంటే నలభై పేజీలు ముందు. కవరు కదల్చకుండా పుస్తకాన్ని ఉన్నచోటే పెట్టేశాను.

వారమంతా చూశాను. టీ మళ్లీ రాలేదు. శుక్రవారం కూడికలో అందరికంటే ముందు నేనే లేచాను.

"ఒక సహోదరుడి కోసం. పేరు వద్దు. టీ పెట్టడం వచ్చి కూడా పన్నెండేళ్లు దాచాడు. ఇకమీదట రోజూ సాయంత్రం స్టవ్ దగ్గర ఆయనే నిలబడేలా, పుస్తకం చదవడం అయ్యాక భార్యకి తిరిగిచ్చేలా ప్రార్థించండి."

మోజెస్ అప్పటికే కళ్లు మూసేసుకున్నాడు.

ప్రార్థన ఇంకా మొదలుకాకుండానే, ఆడవాళ్ల వైపు నుంచి ఆమెన్ వినిపించింది.