ఎనోక్ మావయ్య గొప్పలు

సిసెల్ మా ఇంట్లో దిగిన రోజునే నాకు ఆమె మీద అనుమానం వచ్చింది. చలిలో వచ్చింది కదా అని సీల్ మాంసం పులుసు పెడితే గిన్నె ఖాళీ చేసి, మా భాషలోనే "చాలా బాగుందక్కా, ఇంకాస్త వెయ్యి" అంది. డెన్మార్క్ నుంచి వచ్చేవాళ్ళు మామూలుగా ముక్కలు పక్కకి నెట్టి కాఫీ అడుగుతారు. భాష రానివాళ్ళ ముందు మనం ఏమైనా మాట్లాడుకోవచ్చు. వచ్చినవాళ్ళతోనే చిక్కు.

ఆమె సముద్రం గురించి చదువుకున్న మనిషి. మంచు కింద నీళ్ళలో ఏముందో కెమెరాతో పట్టి, ఎన్నడూ మంచు చూడని జనానికి కూడా అర్థమయ్యేలా సినిమా తీస్తుందట. అక్కడితో ఆగితే నాకేం బాధ లేదు. కానీ ఆ సినిమాని వసంతంలో మా రాజధాని నూక్‌లో పెద్దలు కూడా చూస్తారు. మా ఊరి ముందు నుంచి కొండల మధ్యకి చొచ్చుకుపోయిన సముద్రపు పాయలో, లోపలి భాగంలో హాలిబట్ చేపల వేట ఆపించాలా వద్దా అని వాళ్ళు ఆలోచిస్తున్నారు. లోపలి పాయ మూసేస్తే మా ఇంటికి ఇంకో బతుకుతెరువు లేదు. మా ఆయన టోబియాస్, ఆయన నాన్న ఎనోక్ మావయ్య ఇద్దరూ చలికాలమంతా కుక్కల బళ్ళ మీద అక్కడికే పోతారు. బయటి పాయలో మంచు ఇప్పుడు బండిని మోసేంత గట్టిగా కట్టడం లేదు.

అసలు కెమెరా అంటేనే మా ఊళ్ళో ఎవరికీ పడదు. మా అమ్మ కాలంలో, ఎక్కడో ఇంకో దేశంలో తెల్లటి సీల్ పిల్లల్ని కొట్టి చంపుతున్న బొమ్మలు లోకమంతా తిరిగాయి. మేం ఆ పిల్లల్ని ముట్టుకోనే ముట్టుకోం. అయినా మేం అమ్మే సీల్ తోళ్ళు కొనేవాళ్ళు లేకుండా పోయారు. ఎవరో చేసిన పనికి మా ఇళ్ళలో పొయ్యి ఆరింది. అందుకే సినిమా అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

"ఆ పిల్ల మంచిదేనే. నీదంతా ఉత్త అనుమానం" అన్నాడు టోబియాస్.

"మంచిదే. తేనె పూసిన కత్తి కూడా నాలిక్కి తియ్యగానే ఉంటుంది."

"నీ నాలిక మీద కత్తే నిలవదు, ఇంక తేనేం నిలుస్తుంది!"

ఆయనకి అన్నీ నవ్వులాటే. నేను మాత్రం ఆమెని కనిపెట్టుకునే ఉన్నాను. ఫ్యాక్టరీలో చేపలు కోసే పని అయ్యాక, కాఫీ ఇచ్చే వంకతో ఫ్లాస్కు పట్టుకుని మంచు మీదికి వెళ్ళేదాన్ని. మా వాళ్ళు ఇక్కడ గాలాలు కట్టిన పొడుగాటి తాడు వేస్తారు. మంచులో కన్నం కొట్టి, తాడు కొసకి ఒక రేకు కడితే, అది నీళ్ళలో ఏటవాలుగా జారుతూ తాడుని దూరంగా లాక్కుపోయి అడుగున పరుస్తుంది. సిసెల్ ఆ కన్నాల పక్కనే ఇంకో పెద్ద కన్నం కోయించింది. ఒక్కోసారి నల్ల రబ్బరు బట్టలు తొడుక్కుని తానే దిగేది. బాగా లోతుకైతే కేబుల్ కట్టిన కెమెరాని దింపి, తాను గుడారంలో తెర ముందు కూర్చునేది.

ఒకసారి నేను వెళ్ళేసరికి తెర మీద ఎర్రగా, కొమ్మలు కొమ్మలుగా, విసనకర్రలాంటిది కనబడుతోంది. పగడమట. మా నీళ్ళ అడుగున పగడాలుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. దానికి చుట్టుకుని తాడు, తాడుకి గాలాలు. ఒక కొమ్మ విరిగి పక్కకి వాలి ఉంది. ముడి చూడగానే అది మా మావయ్య వేసిన ముడేనని గుర్తుపట్టాను.

"ఇది కూడా సినిమాలో పెడతావా?"

"పెట్టాలి కదక్కా. ఉన్నది ఉన్నట్టు చూపించాలి."

"మా కూడు పోయాక మా ఖాళీ గిన్నెలు కూడా ఉన్నవి ఉన్నట్టు చూపిస్తావా?"

సిసెల్ నా వైపు తిరిగింది. "నువ్వు నన్ను నమ్మట్లేదు."

"నిన్నే కాదమ్మా, నేనెవర్నీ నమ్మను. ఏమనుకోకు. కాఫీ చల్లారిపోతోంది, తాగు."

ఆమె తాగింది. తాగి, "సినిమా ముందు మీ ఊరికే చూపిస్తాను. మీరు చూశాకే నూక్‌కి పంపుతాను" అంది. అది కూడా ఎత్తేమో అనుకున్నాను.

కొన్నాళ్ళకి మావయ్యని కెమెరా ముందు మాట్లాడిస్తానంది. మా ఊళ్ళో ఆయన్ని మించిన వేటగాడు లేడు. ఆ చలికాలం ఆయన బండి మీద చేపలు ఎంత బరువుండేవంటే, ఎదురుగాలిలో కుక్కలు లాగలేక కూలబడేవి.

"మావయ్యా, జాగ్రత్తగా మాట్లాడు. ఆ పెట్టెలో పడ్డ మాట మళ్ళీ వెనక్కి రాదు" అని మరీ మరీ చెప్పాను.

"నాకు మాట్లాడటం నేర్పుతున్నావా అమ్మాయ్?" అంటూ ఆయన తల దువ్వుకుని, పండగకి వేసుకునే తెల్ల చొక్కా తొడుక్కుని కూర్చున్నాడు.

చేపలు ఎలా పడుతున్నాయని సిసెల్ అడిగింది.

"ఏం చేపలమ్మా! నాకేం పడతాయి? ఏదో ఒకటీ అరా, బక్కచిక్కినవి. కుక్కలకి కూడా చాలవు."

"ముందుకంటే తగ్గాయా?"

"నేనెప్పుడూ చేతకాని వేటగాణ్ణే. చేపలు నన్ను మర్చిపోయాయి."

ఆమె తిప్పి తిప్పి అడిగింది. ఆయన తిప్పి తిప్పి అదే చెప్పాడు. నేను గుమ్మంలో నిలబడి, మావయ్య ఎంత పద్ధతిగా మాట్లాడుతున్నాడో అని మురిసిపోయాను. పట్టిన చేప గురించి గొప్పలు పోవడం మా దగ్గర తప్పు. మన డప్పు మనం కొట్టుకుంటే నీళ్ళ కిందున్నవాటికి వినబడుతుంది. అవి ఇక ఆ చేతికి రావు. అందుకే బండి విరిగేంత చేప తెచ్చినవాడు కూడా "ఏదో కాస్త" అంటాడు. విన్నవాళ్ళు తలూపి, లోపలికెళ్ళి ముసిముసిగా నవ్వుకుంటారు. ఇది మాకు పాలతో పాటు వచ్చిన విద్య. ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పరు.

వసంతంలో సిసెల్ మాట నిలబెట్టుకుంది. ఊరి హాల్లో కిటికీలకి దుప్పట్లు కట్టి, మధ్యాహ్నం పూట సినిమా వేసింది. నేను ముందు వరసలో కూర్చున్నాను, తప్పు పట్టడానికి.

తెర మీద మంచు అడుగు భాగం కనబడింది. పచ్చగా నాచు పట్టి ఉంది. ఆ నాచుని రొయ్యపిల్లల్లాంటివి తలకిందులుగా వేలాడుతూ మేస్తున్నాయి. వాటిని చిన్న చేపలు తింటున్నాయి, ఆ చేపల్ని సీల్ తింటోంది. మంచు పలచబడితే నాచు పోతుందనీ, నాచు పోతే ఈ పంక్తి మొత్తం పస్తు పడుకుంటుందనీ సిసెల్ గొంతు చెప్పింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ మంచు మీద తిరిగినవాళ్ళం. దాని అడుగు ఎప్పుడూ చూడలేదు.

తర్వాత పగడం, తాడు. నా గోళ్ళు అరచేతిలో దిగబడ్డాయి. "ఒక కొమ్మ విరిగింది, చుట్టూ తోట అలాగే ఉంది. పెద్ద ఓడలు వలలు ఈడ్చిన చోట అసలు తోటే మిగలదు" అంది గొంతు. ఇన్నాళ్ళూ ఆమెని దొంగని చూసినట్టు చూసినందుకు సిగ్గేసింది.

అప్పుడు మావయ్య కనబడ్డాడు. "చేపలు నన్ను మర్చిపోయాయి" అన్నాడు తెర మీద. హాలంతా ముసిముసి నవ్వులు. "అదీ మాటంటే" అన్నారు వెనకాల ఎవరో.

"ఈ పాయలో అందరికంటే అనుభవమున్న వేటగాడు చెబుతున్నాడు. ఇక్కడ చేపలు అయిపోతున్నాయి. లోపలి పాయకి విశ్రాంతి కావాలి" అంది సిసెల్ గొంతు.

నవ్వులు ఆగిపోయాయి.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మావయ్య నోరు మంచిదైనందుకే ఊరు మునిగేలా ఉంది. నేను లేచి ఆమె మీద విరుచుకుపడ్డాను. "ఎవరు చెప్పారు నీకు అయిపోతున్నాయని?"

"ఆయనే చెప్పాడు కదక్కా! నువ్వు అక్కడే ఉన్నావు."

"అలా అన్నాడంటే బోలెడు పడుతున్నాయని! చంటిపిల్లకి కూడా తెలుసు."

సిసెల్ మొహం పాలిపోయింది. "నా కెమెరాకి చేపలు బాగానే కనిపించాయి. కానీ జీవితమంతా ఇక్కడే బతికిన మనిషికంటే నా కెమెరాకి ఎక్కువ తెలుసా అనుకున్నాను. ఆయన్ని నమ్మానక్కా."

ఊళ్ళో నమ్మకం పెట్టుకున్నది ఆమె ఒక్కతే. ఆమె చూపించే బొమ్మల్లో మోసం వెతుకుతూ కూర్చున్నాను గానీ, మా నోటి నుంచి ఏం పోతోందో చూసుకోలేదు.

"ఆ ముక్క తీసేయ్" అన్నాడు టోబియాస్.

"తీసేస్తాను. కానీ నేను ప్రతి ఇంట్లోనూ అడిగాను, అందరూ ఇదే అన్నారు. నూక్ నుంచి అడగడానికి వచ్చినవాళ్ళతోనూ ఇదే అన్నారట. వాళ్ళు రాసుకుని వెళ్ళిపోయారు."

"వాళ్ళకేం తెలుసు? చేప కొట్లో పుడుతుందనుకునే బాపతు" అన్నాను. "ఫ్యాక్టరీలో తూకం వేస్తాంగా, అది చూడమను."

"అందులో ఏ చేప ఏ నీళ్ళదో ఉండదక్కా. ఇక్కడ చేపలున్నాయని మీలో ఒకరు నోరు విప్పి చెప్పాలి. చెబితే ఇవాళే తీసి సినిమాలో కలుపుతాను."

మగవాళ్ళందరూ నేల చూపులు చూశారు. చివరికి టోబియాస్ సగం లేచాడు. ఆయన భుజం మీద మావయ్య చెయ్యి పడింది.

"కూర్చోరా. నీకు ఇంకా చాలా చలికాలాలున్నాయి."

మావయ్య ఆ పండగ తెల్ల చొక్కాలోనే ముందుకి నడిచి వచ్చి కెమెరా ఎదురుగా నిలబడ్డాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఆయనకి చెమట పట్టడం నేను ఎన్నడూ చూడలేదు.

"నేను గొప్ప వేటగాణ్ణి" అన్నాడు.

ఆడవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఓ పిల్ల కిసుక్కుమంటే వాళ్ళమ్మ నెత్తిన మొట్టింది.

"ఈ పాయలో నాకు పడ్డట్టు ఎవరికీ పడవు. ఈ చలికాలం బండి నిండిపోయి నేను నడిచి వచ్చాను. చేపలు లావుగా ఉన్నాయి, కొల్లలుగా ఉన్నాయి. నేను తాడు వేస్తే ఖాళీగా రాదు." సిసెల్ వైపు చూసి, "చాలా?" అని అడిగాడు.

"చాలు మావయ్యా" అంది సిసెల్. ఆయన ఎవరి మొహమూ చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందూ ఏడ్చాను.

లోపలి పాయని మూయలేదు. ఆ మాటతో పాటు కెమెరా చూసిన చేపల్నీ సినిమాలో చూపించాక, నూక్ పెద్దలు మాకే వదిలేశారు. సినిమా చాలా దేశాలు తిరిగింది. తెల్ల చొక్కా తాత అందరికీ నచ్చాడట.

మళ్ళీ చలికాలం వచ్చింది. మావయ్య తాడు వేసి లాగితే ఎరలు వేసినవి వేసినట్టే పైకొచ్చాయి. పక్క కన్నంలో టోబియాస్‌కి చేపలు పడ్డాయి. ఇద్దరూ కన్నాలు మార్చుకున్నారు. మావయ్య కన్నంలో కూడా టోబియాస్‌కి పడ్డాయి, మావయ్యకి మాత్రం ఎక్కడా పడలేదు. చేతులు వణికి రేకు సరిగ్గా వదలట్లేదని టోబియాస్ అంటాడు. అయ్యుండొచ్చు. మావయ్య కొన్నాళ్ళకి మంచు మీదికి వెళ్ళడమే మానేశాడు. ఊరందరికీ చేప పంచిన మనిషికి ఇప్పుడు ఊరు చేప పంపుతోంది.

మొన్న సిసెల్ ఫోన్ చేసింది. "మావయ్యకి ఎలా పడుతున్నాయక్కా?"

"పడట్లేదు సిసెల్. ఒక్కటి కూడా."

అటు నుంచి పెద్ద నవ్వు. "ఇంక నన్ను మోసం చెయ్యలేవు! మీ మాట నాకిప్పుడు తెలిసిపోయింది. బండి విరుగుతోందన్నమాట!"

"నిజంగానే పడట్లేదు" అన్నాను. ఆమె ఇంకా గట్టిగా నవ్వింది.

మావయ్య బల్ల దగ్గర కూర్చుని టోబియాస్ తెచ్చిన చేప తింటున్నాడు. "ఏమంటోంది?" అని అడిగాడు.

"నీకు బాగా పడుతున్నాయంటోంది మావయ్యా."

ఆయన ముల్లు తీసి పళ్ళెం అంచున పెట్టాడు.

"మంచి పిల్ల" అన్నాడు.