పువ్వు లేని కట్ట

ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఒకచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదని చిన్నప్పుడే అన్నయ్య ‘కాలుగాలిన పిల్లి’ అని బిరుదిచ్చాడు. అంత పొడుగు మాట ఎవరంటారని తర్వాత ‘పిల్లి’ చేశాడు. ఇప్పుడామె హైస్కూల్లో డ్రాయింగు టీచరు, ముక్కుమీదికి కళ్ళజోడు కూడా వచ్చింది. అయినా పిల్లే. వదినా అలాగే పిలుస్తుంది. ఆ వదిన కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరరు, పరమ పద్ధతైన మనిషి. ఆమె బల్లమీద పెన్సిలు కాస్త వంకరగా ఉన్నా ఇంట్లో అందరికీ క్లాసే.

ఊరి చివర, బస్సు తిరిగి వెనక్కి వచ్చేచోట ఒక గుట్ట ఉంది. దానిమీద పూసే ప్రతి మొక్కనీ వెతికి, ఎండబెట్టి, పేరు తేల్చి, ఒక్క పుస్తకంగా అచ్చువేయాలని వదిన పట్టుపట్టింది. ఏళ్ళ తరబడి ఆదివారాలన్నీ ఆ గుట్టకే ధారపోసింది. పిల్లి బొమ్మలు గీసేది. ఇద్దరూ కలిసి ఎండలో మాడేవాళ్ళు, మొక్క పేరు దగ్గర పోట్లాడుకునేవాళ్ళు, బస్సు తప్పిపోతే ఒకరినొకరు తిట్టుకుంటూ నడిచొచ్చేవాళ్ళు.

ఈ పట్టుదల వెనక ఒక మంట ఉంది. మొదట్లో ఒక పెద్ద సభలో వదిన ఈ ఆలోచన చెబితే, యూనివర్సిటీ పెద్దాయన మైకు ముందే, “అక్కడేముందమ్మా, పిచ్చిమొక్కలు తప్ప!” అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. వదినకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఏడవలేదు, అరవలేదు. మర్నాడు కొత్త గొడుగు కొనుక్కుని గుట్ట ఎక్కింది.

ఆ మాటకు జవాబు నిరుటి వానాకాలంలో దొరికింది. దొరకబుచ్చుకున్నది పిల్లే. వదిన బండమీద కూర్చుని భోంచేస్తుంటే, తిన్న చెయ్యి కూడా సరిగ్గా తుడుచుకోకుండా చుట్టుపక్కల తిరిగి, బండ కింది వాలులో ఒక కొత్త మొక్కను చూసింది. పసుపుపచ్చ రేకులు, నడిమధ్య ఎర్రటి చుక్క. అక్కడికక్కడే ‘ఎర్రకన్ను’ అని పేరు పెట్టింది. అసలు పేరు తేల్చాక వదిన నమ్మలేక మళ్ళీ మళ్ళీ సరిచూసింది. ఎక్కడో దూరాన సముద్రపు ఇసుకలో తప్ప అది బతకదని పుస్తకాలన్నీ ఒకే గొంతుతో చెబుతున్నాయి. అలాంటిది సముద్రం మాటే ఎరగని ఈ గుట్టమీద! పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, “అమ్మా, మీ పుస్తకానికి ముందుమాట నేను రాస్తాను” అన్నాడు. ఆ రోజు వదిన బస్సెక్కకుండా ఇంటిదాకా నడిచొచ్చింది. సంతోషంతో బస్సు నంబరు కనబడలేదట.

సరే, ఇప్పుడు శనివారం మధ్యాహ్నం. పుస్తకం ప్రూఫులు భోజనాల బల్లమీద పరిచి ఉన్నాయి. సోమవారం పొద్దున ప్రెస్సుకు తిరిగి ఇచ్చేయాలి. అన్నయ్య కామాలు దిద్దుతున్నాడు. వదిన వంటింట్లో ఏదో కూనిరాగం తీస్తోంది. ఆమెకు పాడటం వచ్చని పిల్లికి ఇన్నేళ్ళకు తెలిసింది.

పిల్లికి మాత్రం పనిలేదు. బొమ్మలన్నీ ఎప్పుడో ఇచ్చేసింది. “దేన్నీ ముట్టుకోకు” అని వదిన గట్టిగా చెప్పింది. చెప్పింది కాబట్టి ముట్టుకుంది. మొక్కల గదిలోకి వెళ్ళి, ఏ అల్మరాలో కలరా ఉండలు అరిగిపోయాయో చూద్దామని మొదలుపెట్టి, పై అరలో ఉన్న పువ్వు లేని కట్టను కిందికి దింపింది.

ఈ కట్ట సంగతి చెప్పాలి. పువ్వు కళ్ళారా చూడనిదే మొక్కకు పేరు పెట్టకూడదన్నది వదిన పద్ధతి. ఆకు చూసి పేరు చెప్పే విద్యార్థిని నిలబెట్టి కడిగేస్తుంది. పువ్వు లేకుండా దొరికినవన్నీ ఈ కట్టలోకి పోతాయి. అదే మొక్క మళ్ళీ పూసి కనబడేదాకా కట్ట విప్పే ప్రసక్తే లేదు. అంత పద్ధతి.

పిల్లి విప్పింది. నాలుగు కాగితాలు తిప్పింది. ఐదో దాని దగ్గర ఆగిపోయింది.

అది కొన్నేళ్ళ కిందట వదిన విద్యార్థుల్ని సముద్రతీరానికి తీసుకెళ్ళినప్పుడు తెచ్చిన మొక్క. ఎండిన ఆకులు, పగిలిన కాయలు. కాయ కొసలు వెనక్కి మెలిపడి ఉన్నాయి. తొడిమె మీద కొక్కేల్లాంటి నూగు. ఆ కొక్కేలు పిల్లికి బాగా తెలుసు. ఎర్రకన్ను బొమ్మ గీసేటప్పుడు, కళ్ళు పోతాయిరా దేవుడా అనుకుంటూ ఒక్కొక్కటే చుక్క పెట్టింది. కాయలన్నీ ఖాళీ. ఎండి, కాగితాల మధ్యనే పగిలి, గింజలన్నీ చిమ్మేశాయి.

మరి ఆ గింజలేమయ్యాయి?

వదిన పాత న్యూస్‌పేపరు ఎప్పుడూ పారేయదు. మొక్కల్ని వాటి మధ్యే అదిమి ఎండబెడుతుంది; ఎండాక ఆ కాగితాల్నే ఎండలో పెట్టి, దులిపి, మళ్ళీ వాడుతుంది. ఇంట్లో దులిపితే అన్నయ్యకు తుమ్ములు. అందుకని గుట్టమీదికి మోసుకెళ్ళి, భోజనం చేసే బండమీద పరిచి, అంచున నిలబడి టపటపా దులుపుతుంది. ఆ బండ కిందే ఎర్రకన్ను పూసింది. గుట్ట మొత్తంలో ఇంకెక్కడా లేదు.

గుట్ట కన్న బిడ్డ కాదది. వీళ్ళే తీసుకెళ్ళి అక్కడ పోశారు.

కట్ట మళ్ళీ కట్టేసింది. ముడి సరిగ్గా పడలేదు. విప్పి మళ్ళీ కట్టింది. హాల్లోకి వచ్చి నీళ్ళు తాగింది, గ్లాసు పెట్టి మళ్ళీ నీళ్ళు తాగింది. కిటికీ తెరిచింది, మూసింది.

“ఏమే పిల్లీ, నిప్పులు తొక్కావా?” అన్నాడు అన్నయ్య తలెత్తకుండానే. “కాసేపు కూర్చోవే. నువ్వు తిరుగుతుంటే నా కామాలన్నీ పక్క లైన్లో పడుతున్నాయి.”

అంతలో వంటింట్లోంచి వదిన ఫోను పట్టుకుని పరుగున వచ్చింది. ముఖం చూస్తే ఇరవయ్యేళ్ళ పిల్లలా ఉంది.

“ఏమండీ, పెద్దాయన ముందుమాట రాసేశారట! ఏమన్నారో తెలుసా? ‘ఆ రోజు సభలో తొందరపడి అన్నాను, ఆ సంగతి కూడా ముందుమాటలో రాశాను’ అన్నారు. తనంతట తానే! అట్టమీద ఎర్రకన్ను బొమ్మే వేయమన్నారు. పిల్లీ, విన్నావా? నీ బొమ్మ!”

“మా పిల్లి అట్టెక్కింది! ఇక దిగమన్నా దిగదు” అని అన్నయ్య చప్పట్లు కొట్టాడు.

పిల్లి నవ్వబోయింది. “బజారుకెళ్ళొస్తా” అని చెప్పులేసుకుని బయటపడింది.

బజార్లో ఆమెకేం పని? ఏమీ లేదు. ఇస్త్రీ బండిదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది, సైకిలు షాపుదాకా వెళ్ళి మళ్ళీ తిరిగింది. అవసరం లేని సబ్బు ఒకటి కొంది. చెప్పకపోతే ఏమవుతుంది? ఎవడు చూడొచ్చాడు? ఆ కట్ట ఇంకెవరూ విప్పరు. వదిన సంతోషపడుతుంది, పెద్దాయన ముక్కు నేలకు రాస్తాడు, అట్టమీద తన బొమ్మ ఉంటుంది. ఇందులో ఎవరి సొమ్ము పోయింది? ఇలా తనకు తానే సర్దిచెప్పుకుంటూ వీధి మొగదాకా వచ్చేసరికి ఏడుపొచ్చింది. ఏళ్ళ తరబడి ఎండలో మాడింది ఇందుకా! ఒక్క అబద్ధం అచ్చయితే, దాని పక్కనున్న నిజాలన్నిటికీ విలువేముంది? ఆ పుస్తకం పట్టుకున్నప్పుడల్లా తన చెయ్యి కాలుతుంది. పోనీ చెబితే? వదిన ఆ పెద్దాయనకు మళ్ళీ ఏ ముఖంతో ఫోన్ చేస్తుంది? తన మీద తనకే ఒళ్ళు మండింది. ముట్టుకోవద్దంటే ముట్టుకోవడమెందుకు, దరిద్రపు చేతులు!

ఇంటికొచ్చేసరికి వదిన బల్ల దగ్గర కూర్చుని ఎర్రకన్ను పేజీనే చూసుకుంటోంది.

“సబ్బు ఎందుకే? ఇంట్లో డజను ఉన్నాయి.”

“వదినా, పువ్వు లేని కట్ట విప్పాను.”

“ముట్టుకోవద్దన్నానా లేదా?”

“అందులో ఎర్రకన్ను ఉంది. సముద్రం దగ్గర నువ్వు తెచ్చిందే. కాయలన్నీ పగిలిపోయి ఉన్నాయి. గింజలు కాగితాల్లో రాలాయి. ఆ కాగితాలే నువ్వు బండమీద…”

వదిన ముఖం గట్టిపడింది. “పువ్వు లేని మొక్కకు పేరెలా పెట్టావు నువ్వు? నేను నేర్పిందిదేనా? కొక్కేలు వంద మొక్కలకుంటాయి. ఎప్పుడూ తొందరే! అన్నిట్లో తొందరే! కళ్ళు నెత్తికెక్కాయా ఏం?”

“అలాగే అనుకో. ఒక్కసారి చూడు.”

“చూడను.”

చూడనన్న మనిషి లేచి భూతద్దం అందుకుంది. మొక్కల గదిలోకెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. అన్నయ్య పెన్ను కింద పెట్టి చెల్లెలి వంక చూశాడు. ఈసారి పిల్లీ అనలేదు. కుర్చీ లాగి, “కూర్చోమ్మా” అన్నాడు.

తలుపు తెరుచుకునేసరికి చీకటి పడబోతోంది. వదిన గొంతు మామూలుగానే ఉంది. “రేపు గుట్టకెళ్దాం. గోతాం ఒకటి తీసుకో.” ఒక్క క్షణం ఆగి, “ఆ కట్ట విప్పి చూడాలని నాకెందుకు తోచలేదే?” అంది. ఆ ప్రశ్నకు జవాబు ముగ్గురికీ తెలుసు. అన్నయ్య ప్రూఫులు పోగుచేసి పక్కన పెట్టాడు.

ఆదివారం మొదటి బస్సుకే వెళ్ళారు. పిల్లి కిటికీ పక్కన కూర్చుంది, కాసేపటికి లేచి వెనక సీటుకు పోయింది, మళ్ళీ ముందుకొచ్చింది. కండక్టరు విసుక్కున్నాడు.

వదిన బండ ఎక్కి, సంచీలోంచి పాత కాగితం తీసి, అందులో గుప్పెడు ఎండుగడ్డి గింజలు పోసి, అంచున నిలబడి ఎప్పటిలా దులిపింది. గాలి వాటిని కొంచెం ఎడమకు తోసుకుపోయి వాలులో చల్లింది. సరిగ్గా అక్కడే, ఎడమ వాలుగా, విసనకర్ర విప్పినట్టు ఎర్రకన్నులు పూసి ఉన్నాయి. ఇక చూడ్డానికేముంది?

“నా చేత్తోనే చల్లాను” అంది వదిన. అక్కడే చతికిలబడి ఫోన్ తీసింది. పిల్లి వద్దనబోయింది. అప్పటికే అవతల పెద్దాయన పలికాడు.

వదిన పొల్లుపోకుండా చెప్పింది. కట్ట, కాయలు, కాగితాలు, బండ. తర్వాత చాలాసేపు విన్నది. ఆమె మెడమీద నరం కొట్టుకోవడం పిల్లికి కనబడుతోంది. చివరికి వదిన అంది: “అవునండీ. మీరన్నట్టే. పిచ్చిమొక్కలే. ఆ పిచ్చిమొక్కల పుస్తకమే వేస్తున్నాం. ముందుమాట మీ ఇష్టం.”

ఫోన్ పెట్టేసింది.

“ఏమన్నాడు?”

“నవ్వాడు.” వదిన కొంగుతో ముఖం తుడుచుకుంది. “పద. కాయలు పగలకముందే పీకెయ్యాలి. లేకపోతే ఇది గుట్టంతా పాకి ఉన్నవాటిని మింగేస్తుంది.”

ఇద్దరూ వాలులోకి దిగారు. వేళ్ళతో సహా తవ్వి గోతాంలో వేశారు. ఇంతకుముందు ఒక్క రేకు రాలితే విలవిల్లాడిన వదిన, ఇప్పుడు పూలున్నవి పూలున్నట్టే పెకిలించింది. పిల్లి మోకాళ్ళమీద కూర్చుని, నిరుడు మట్టిలో రాలిన గింజల్ని గోటితో ఒక్కొక్కటే ఏరింది. ఎండ నెత్తిమీదికొచ్చింది. ఆమె లేవలేదు, కాలు కూడా మార్చలేదు. అన్నయ్య చూసుంటే నమ్మేవాడు కాదు.

“అయిపోయినట్టే” అంది వదిన. బండ నీడలో నిలబడి ఉంది. “గోతాం మూతి కట్టెయ్.”

పిల్లి మూతి కట్టి నడుం పట్టుకుని లేచింది. ఇంకేమైనా మిగిలాయేమోనని చుట్టూ చూసింది. ఏమీ లేవు. వదిన మాత్రం కదలడం లేదు. బస్సు తప్పిపోతుందని అందర్నీ తరిమే మనిషి, కుడికాలు కాస్త ముందుకు చాపి అలాగే నిలబడింది. గుట్ట వంక చూస్తోంది, బస్టాపు వంక చూస్తోంది, కింద తప్ప అన్నిచోట్లా చూస్తోంది. చెప్పు పక్కనుంచి చిటికెన వేలంత ఆకు ఒకటి బయటికొచ్చి ఉంది.

పిల్లి ఆ ఆకును చూసింది. “వదినా.”

“ఊఁ.”

“కాలు తియ్యి వదినా.”

వదిన కాలు తియ్యలేదు. కింద బస్సు హారన్ కొట్టింది. ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు. పిల్లి చెయ్యి చాపలేదు, తొందరపెట్టలేదు. గోతాం కింద పెట్టి వదిన పక్కనే బండకానుకుని కూర్చుంది. బస్సు వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎప్పటికో వదిన కాలు తీసి, వంగి, ఆ చిన్న మొక్కను వేళ్ళతో సహా తనే పీకి, పిల్లి ఒళ్ళో పెట్టింది.