రెండో బ్యాటరీ

వేడినీళ్లు పోయగానే టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి ఉప్పు బుసబుసమని పొంగి కారిపోయింది. కాశయ్య పాత పళ్లబ్రష్షుతో సీసం మెరిసేదాకా రుద్ది, వేలితో గ్రీజు పూసి, ట్రాక్టరు బ్యాటరీని పలక మీదికి జరిపాడు. పలక మీద అప్పటికే అయిదు బ్యాటరీలున్నాయి. ఒక్కోదాని మూతలు విప్పి, గాజుగొట్టంతో యాసిడ్ పీల్చి, లోపలి బెండు ఎంత తేలిందో చూసి, మళ్లీ అందులోకే వదిలాడు. ముప్ఫై రెండేళ్లుగా భోపాల్‌పట్నంలో, బీజాపూర్ నుంచి వచ్చే రోడ్డు వారన, అతని పొద్దు ఇలాగే మొదలవుతోంది. చొక్కాకు పొట్ట దగ్గర యాసిడ్ చుక్కలు తిన్న చిల్లులు. వేళ్ల చివర్లు నలుపు, గోళ్లు పసుపు. యాభై ఎనిమిదేళ్లు. ఎడమ చెవి వినపడదు.

ఆ చెవి సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. పదహారేళ్ల కిందట ముఖం తెలియని మనిషొకడు సైకిలు మీద బ్యాటరీ తెచ్చాడు. కాశయ్య ఛార్జి పెట్టి ఇచ్చాడు. ఆ రోజుల్లో తన చేతి మీదుగా పోయిన ప్రతి బ్యాటరీకీ తెల్లరంగుతో నెంబరు వేసేవాడు. నెల తిరక్కుండా అడవిలో రోడ్డు పేలిన చోట ఒక బ్యాటరీ పెంకు దొరికింది. దాని మీద అతని అంకెలు. పోలీసులు పదకొండు రోజులు ఒక గదిలో ఉంచి అడిగిందే అడిగారు. నోటితో అడిగారు, చేత్తోనూ అడిగారు. పన్నెండో రోజు పొమ్మన్నారు. ఇంటికొచ్చి అతను చేసిన మొదటి పని ఆ రంగు డబ్బాను మురికికాలవలో పారబోయడం.

అప్పటి నుంచి కొత్త మనిషి వస్తే ముందు ఫోనెత్తి ముఖం ఫోటో తీసుకుంటాడు. తర్వాతే బ్యాటరీ ముట్టుకుంటాడు. రోజులు మారాయని, భయాలు పోయాయని అందరూ అంటున్నారు. కాశయ్య తల ఊపుతాడు. ఫోటో మాత్రం తీస్తాడు.

ఎనిమిది కావస్తుండగా బూడిదరంగు టెంపో ఒకటి వచ్చి షాపు ముందు ఆగింది. పైన సోలార్ పలక. కిటికీలన్నిటికీ లోపల్నుంచి ముదురు పరదాలు. అక్టోబరు ఎండలో అద్దాలన్నీ బిగించి ఉన్నాయి. దిగిన మనిషికి అరవై దాటి ఉంటాయి. గడ్డం మాసింది, చొక్కా మాత్రం ఇస్త్రీది. పేరు ఉపేంద్ర అన్నాడు. కిరండూల్ గనుల్లో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడట.

"రెండో బ్యాటరీ నిలబడట్లేదు మేస్త్రీ. తెల్లారేసరికి చచ్చిపోతోంది."

"రెండోదేంది సార్?"

"ఒకటి ఇంజిను స్టార్టు చెయ్యడానికండి. రెండోది వెనక ఇంటికి. లైటు, ఫ్యాను... బండిలోనే ఉంటాం." ఒక క్షణం ఆగాడు. "ఉంటాను."

కాశయ్య ఆ మాటను విన్న చెవిలోనే దాచుకున్నాడు. ఫోటో తీస్తుంటే ఆ మనిషి ముఖం పక్కకు తిప్పబోయి, మళ్లీ ఏమనుకున్నాడో ఊరుకున్నాడు.

రెండో బ్యాటరీ డ్రైవరు పక్కసీటు కింద ఉంది. దాన్నుంచి ఒక వైరు ముందుకు, ఇంజిను వైపు పోతోంది. ఇంకోటి చెక్కగోడకు వేసిన చిల్లులోంచి వెనక్కి. కాశయ్య వైరును కరిచి పట్టుకునే మీటరు తీసి వెనక వైరుకు తగిలించాడు.

"అన్నీ బంద్ చేసిన్రా సార్?"

"చేశానండి. ఒక్క ఫ్యానే."

మీటరు ఇరవై ఎనిమిది చూపించింది. ఫ్యాను రెండు ఆంపియర్లు తింటే గొప్ప. మిగతా ఇరవై ఆరూ ఎవరు తింటున్నారు? కాశయ్య అడగలేదు. మీటరు జేబులో పెట్టుకున్నాడు. మనుషులు అబద్ధమాడతారు, మీటరుకు ఆ అవసరం లేదు.

"ఛార్జికి ఏడెనిమిది గంటలు పడుతది. బ్యాటరీ ఇప్పాలె."

"విప్పే ముందు మీ షాపులోంచి లైను ఇవ్వండి. ఫ్యానుకి." ఆ మనిషి తన దగ్గరున్న పొడుగాటి తీగ తానే విప్పి, బోర్డుకు తానే గుచ్చి, రెండో కొస కిటికీలోంచి లోపలికి దూర్చి, లోపల ఏదో పని చూసుకుని వచ్చాకే బ్యాటరీ మీద చెయ్యి వెయ్యనిచ్చాడు. నుదుటి మీద చెమట. ఫ్యాను కోసం ఇంత చెమటా?

అది మూతల్లేని బ్యాటరీ, అన్ని వైపులా మూసేసినది. కాశయ్య ఛార్జర్ జోరు తగ్గించి పెట్టాడు. పక్కన పంక్చర్లు వేసే ముత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"డిస్టిల్ వాటర్ ఉందా మేస్త్రీ? రెండు సీసాలు కావాలి," అన్నాడు ఉపేంద్ర.

"దేనికి సార్?"

"బ్యాటరీలోకి."

కాశయ్య, ముత్తయ్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నీళ్లు పోయడానికి ఆ బ్యాటరీకి నోరే లేదు. ముప్ఫై ఏళ్లు గనుల్లో మెకానిక్‌గా చేసిన మనిషికి ఆ మాత్రం తెలియదా?

"సరుకు రాలే సార్," అన్నాడు కాశయ్య. అతని వెనక అటక మీద పన్నెండు సీసాలున్నాయి.

ఉపేంద్ర టిఫిన్ తెస్తానని బస్టాండు వైపు వెళ్లాడు. నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి బండిని చూసుకుంటూ వెళ్లాడు.

"ఠాణాకు ఫోన్ కొట్టు కాశన్నా," ముత్తయ్య గొంతు తగ్గించాడు. "పరదాలేంది, వైర్లేంది? రేపేమన్న అయితే మళ్ల నీ చెవే పట్టుకుంటరు."

"ఉన్నది ఒక్కటే."

"అందుకే చెప్తున్న."

ముత్తయ్య తన పనికి పోయాడు. కాశయ్య ఫోను తీసి నెంబరు వెతికి, బొటనవేలు దాని మీద పెట్టి, నొక్కకుండా నిలబడ్డాడు. ఫోను చేస్తే ఆ మనిషి ఎటువంటి గదిలోకి పోతాడో తెలుసు. చెయ్యకపోతే తాను ఎటువంటి గదిలోకి పోతాడో అదీ తెలుసు. ఆ గదిలో గోడకు నీలం సున్నం. పదకొండు రోజుల్లో ఆ సున్నంలోని పెచ్చులన్నీ లెక్కపెట్టాడు.

ఫోను జేబులో వేసుకుని బండి దగ్గరికి నడిచాడు. కుడి చెవి రేకుకు ఆనించాడు. లోపల ఏదో గుర్రుమంటోంది. నాలుగైదు క్షణాలకొకసారి బుస్సుమని గాలి వదులుతోంది. మళ్లీ గుర్రు. ఫ్యాను కాదది. తలుపు తెరిచే ధైర్యం లేదు. తెరవకుండా పోయే ధైర్యమూ లేదు. షాపు గుమ్మం దగ్గరికి తిరిగొచ్చి, ఆగిపోతే ఏమవుతుందో చూద్దామని బోర్డులోంచి ప్లగ్గు పీకేశాడు.

గుర్రు ఆగింది. ఆ వెంటనే బండి లోపలి నుంచి సన్నగా, తెంపు లేకుండా ఒక కూత మొదలైంది. తర్వాత రేకు మీద చప్పుడు. అరచేత్తో కొట్టినట్టు. ఒకటి. రెండు. మూడోది మెత్తగా, సగంలో జారిపోయినట్టు వినిపించింది. పరదా వేలెడంత పక్కకు జరిగింది. సందులో ఒక కన్ను. ముడతల మధ్య ఆడమనిషి కన్ను. అది అతని ముఖాన్ని చూసింది, కిందికి దిగి అతని చేతిలోని ప్లగ్గును చూసింది.

కాశయ్య ప్లగ్గును బోర్డుకు పొడిచాడు. గురి తప్పి చిల్లుల్లోకి పోలేదు. మళ్లీ పొడిచాడు. గుర్రు మొదలైంది.

కూత విని ఉపేంద్ర ఇడ్లీ పొట్లంతో రోడ్డుకు అడ్డంపడి పరుగెత్తుకొచ్చాడు. తలుపు లాగి తెరిచాడు. లోపల చెక్కమంచం మీద, మూడు దిండ్లకు ఆనుకుని, ఎముకల గూడులాంటి మనిషి. ముక్కుకు సన్నటి గొట్టం. కాళ్ల దగ్గర చిన్న సూట్‌కేసంత ఆక్సిజన్ మిషన్. దాని పక్కన నీళ్ల సీసాలో బుడగలు. పెదాలు నేరేడుపండు రంగు.

"ఏమైంది సునీతా?"

ఆమె ఊపిరి అందుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆమె చూపు మాత్రం ఉపేంద్ర భుజం మీదుగా కాశయ్య మీదే ఉంది.

"కరెంటు... పొయ్యింది," అంది. "ఇప్పుడే వచ్చింది."

షాపులో ఛార్జర్ దీపాలన్నీ ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి. ఉపేంద్ర అటు చూడలేదు.

కాసేపటికి అతనే వచ్చి కాశయ్య ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా ఆవిడకి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయండి, అన్నాడు. ఆస్పత్రి వాళ్లు ఇక చెయ్యగలిగింది లేదన్నారు. గోదావరి అవతల ఆమె అక్క ఉంది, అక్క దగ్గరికి తీసుకుపొమ్మంది. "దారిలో రెండు లాడ్జీల్లో నిజం చెప్పానండి. ఇలాంటి మనిషికి గది ఇవ్వమన్నారు. లోపల పోతే పేరు పాడవుతుందట. మీరూ పొమ్మంటారని చెప్పలేదు. ఆ నీళ్లూ మిషన్ సీసాలోకే. లేకపోతే ముక్కు ఎండి నెత్తురొస్తుంది."

కాశయ్య అటక మీది సీసాల వైపు చూశాడు. "మా నీళ్లు ఊపిరికి పనికిరావు సార్," అన్నాడు. "మా ఇంటామెతోటి కాచి సల్లార్చి తెప్పిస్త."

మధ్యాహ్నం అతని భార్య సోమక్క కాచిన నీళ్లతో పాటు గిన్నెడు అంబలి తెచ్చింది. బండిలోకి ఎక్కి, ఎవరినీ అడక్కుండా సునీత వెనక కూర్చుని, చిక్కుపడిన తల దువ్వడం మొదలుపెట్టింది. "ఎన్ని దినాలైందక్కా నూనె పెట్టుకోక?" అంటూ గొణిగింది. జడ వేశాక గిన్నె కడుక్కురావడానికి బోరింగు దగ్గరికి వెళ్లింది. ఉపేంద్ర బండి ముందు నిద్రకు తూలుతున్నాడు.

కాశయ్య సీటు కింద దూరి వైర్లు చూస్తున్నాడు. చెక్కగోడ చిల్లులోంచి ఆమె గొంతు వినిపించింది.

"అన్నా. పీకింది నువ్వే గదా?"

కాశయ్య చేతిలో పానా ఆగిపోయింది. "అవునమ్మా."

"ఎందుకు?"

చెప్పాడు. సైకిలు మనిషి, తెల్లరంగు అంకెలు, నీలం సున్నం, చెవి. సోమక్కకు కూడా ఇంత వరసగా ఎప్పుడూ చెప్పలేదు. తల సీటు కింద ఉండడం వల్ల చెప్పగలిగాడేమో. ఆమె వింటున్నదో నిద్రపోయిందో తెలియలేదు. మిషన్ బుస్సుమంటూ ఉంది.

"నీ జాగల నేనుంటే," అంది, "నేను గూడ పీకేదాన్నే." మళ్లీ ఊపిరి తీసుకుంది. "ఆయనకు చెప్పకు. భయపడతడు."

తప్పు ఎక్కడుందో అప్పటికి అతనికి దొరికింది. ఇంజిను నుంచి రెండో బ్యాటరీకి వచ్చే వైరు సైకిలు డైనమోకు వేసేంత సన్నం. అసలే అంతంత మాత్రంగా వచ్చే కరెంటు ఆ దారిలోనే అలిసిపోతోంది. పైగా ఎర్త్ బోల్టును రంగు మీదే బిగించారు, కింద తుప్పు. బండి రోజంతా నడిచినా ఆ బ్యాటరీకి సగం కడుపు కూడా నిండదు. కాశయ్య రంగు గీకి, ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, లారీ బ్యాటరీలకు వాడే బొటనవేలంత వైరు కోసి వేశాడు. నిండిన బ్యాటరీని కూర్చోబెట్టి, ఇంజిను స్టార్టు చేయించి మీటరు పెట్టాడు. పద్నాలుగు వోల్టుల దగ్గర నిలబడింది. మిషన్‌ను దాని మీదకు మార్చాక మూడుసార్లు మళ్లీ మళ్లీ చూశాడు.

"నడుస్తున్నంతసేపు నిండుతది సార్. బండి ఆపినంక మిషన్‌ను నాలుగు గంటలు నడుపుతది. గంతే. యాదికుంచుకోండ్రి. నా నెంబరు గూడ రాసుకోండ్రి."

నాలుగింటికి టెంపో తార్లగూడ మీదుగా గోదావరి వైపు కదిలింది. వెనక కిటికీ పరదా తీసి ఉంది. ఆమె చెయ్యెత్తలేదు, ఎత్తే ఓపిక లేదు. ముఖం మాత్రం అద్దానికి ఆనించింది. ముత్తయ్య వచ్చి, "ఎవలంట?" అని అడిగాడు.

"మనుషులే," అన్నాడు కాశయ్య.

పొద్దు గుంకే వేళకు ఫోను మోగింది. కుడి చెవికి పెట్టుకున్నాడు.

"గోదావరి బ్రిడ్జి దాటామండి," అన్నాడు ఉపేంద్ర. గొంతు మామూలుగానే ఉంది. "బ్రిడ్జి మీద నీళ్లు కనిపిస్తున్నాయా అంటే, ఆఁ అంది. దాటాక ఏదో అడిగాను, పలకలేదు. బండి పక్కకు ఆపి చూశాను." కాసేపు లారీలు పోతున్న చప్పుడు. "మీ బ్యాటరీ నిండుగానే ఉంది మేస్త్రీ. మిషన్ ఇంకా నడుస్తోంది. ఆపబుద్ధి కావట్లేదు."

కాశయ్య ఎదురుగా ఉన్న బ్యాటరీల వరస మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఉండనియ్యి సార్," అన్నాడు. "అక్క ఇల్లు వచ్చేదాక నడుస్తది."

సోమక్కకు ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆమె అతని ముఖం చూసి, ఊడుస్తున్న చీపురు పక్కన పెట్టి గడప మీద కూర్చుంది. కాశయ్య ఛార్జర్లు ఒక్కొక్కటే ఆపాడు. షట్టరు దించడానికి చెయ్యెత్తి, ఆగాడు. బండి నిలిచిన చోట, అంబలి గిన్నె పెట్టడానికని వేసిన చెక్కపెట్టె మీద సోమక్క మధ్యాహ్నం సునీతకు తల దువ్విన ఎర్ర ప్లాస్టిక్ దువ్వెన ఉంది. దాని పళ్ల మధ్య చిక్కిన రెండు తెల్ల వెంట్రుకలు సాయంత్రపు గాలికి లేస్తూ, వాలుతూ, మళ్లీ లేస్తూ ఉన్నాయి.