అంతరించిపోయిన మా అత్తింటివారు

మ్యూజియంలో రెండో హాలుకి వెళ్తే మా అత్తగారు కనిపిస్తారు. అద్దం వెనక, మెడ కాస్త వెనక్కి లాగి, "ఇంకా స్నానం చెయ్యలేదా?" అన్నట్టు చూస్తుంటారు. కింద డోడో పక్షి అని రాసి ఉంటుంది. పక్క హాల్లో మామత్ అనే బొచ్చు ఏనుగు ఉంది. దంతాలూ బొచ్చూ తీసేస్తే అది మా మామగారే. టీ ఇంకా రాలేదేమిటని వంటగది వైపు చూసే చూపు అచ్చం అదే. ఇక పొట్టకు సంచీ ఉన్న ఆ చారల తోడేలు మా ఆడపడుచు. దవడలు అంత బార్లా తెరిచి ఆవలించగలిగేది మా ఇంట్లో ఆవిడొక్కతే.

అంతరించిపోయిన జంతువులకు నిలువెత్తు బొమ్మలు చెయ్యడం మా ఆయన పని. వాటికి కళ్ళు పెట్టడం నా పని. ఉబ్బెత్తుగా ఉన్న గాజు బిళ్ళకి వెనకవైపు నుంచి ముందు నల్ల గుడ్డు, దాని చుట్టూ రంగు వేస్తాను. ఇంటి వెనక రేకుల షెడ్డే మా కార్ఖానా. అందుకే ఇంట్లోవాళ్ళు ఏ పనీ లేకపోయినా అక్కడే చేరతారు.

ఈ పోలికలు ఆయన కావాలని తెచ్చినవి కావు. ఎముకలు చూస్తే ఎత్తు తెలుస్తుంది, బరువు తెలుస్తుంది. పాత చిత్రాలు చూస్తే రంగు తెలుస్తుంది. కానీ ఆ జంతువు ఆకలేస్తే మొహం ఎలా పెట్టేదో ఎవరు చెప్పాలి? కుక్క బొమ్మ చెయ్యాలంటే వీధిలోకి వెళ్ళి చూసి రావచ్చు. డోడో కోసం ఎక్కడికని వెళ్తాం? మట్టి చేతిలో ఉంటుంది, ధ్యాస ఎక్కడో ఉంటుంది, ఎదురుగా కూర్చుని బఠానీలు ఒలుస్తున్న మనిషి మెల్లగా అందులోకి దిగిపోతారు. హాల్లో నిలబెట్టి ముసుగు తీసేదాకా ఆ సంగతి ఆయనకే తెలియదు. తెలిసేది కూడా నలుగురి ముందే.

డోడో ముసుగు తీసినరోజు అత్తగారు మూతి ముడుచుకుని ఇంటికొచ్చేశారు. కొన్నాళ్ళు కొడుకుతో మాట్లాడలేదు. తరవాత ఏమైందో ఏమో, ఇంటికి వచ్చిన చుట్టాన్నల్లా మ్యూజియానికి తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. పక్షి పక్కన నిలబడి, మెడ వెనక్కి లాగి, "పోలిక తెలుస్తోందా?" అని అడుగుతారు. తెలియడం లేదని అనగల ధైర్యం ఉన్న చుట్టం మాకింకా తగల్లేదు.

అందరూ ఉన్నారు. నేనే లేను. మొదట్లో నవ్వుకున్నాను, తరవాత కోపం వచ్చింది. ఆ కోపం కింద ఉన్నది దిగులేనని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. పెళ్ళయి ఇన్నేళ్ళు, రోజంతా ఒకే బల్లకి అటొకరం ఇటొకరం కూర్చుంటాం. బఠానీలు ఒలిచే మనిషి ఆయన కంటికి ఆనింది గానీ నేను ఆనలేదంటే ఏమనుకోవాలి? ఈయన నన్ను చూడడమే మానేశారని అనుకున్నాను.

"ఏమండీ, నా మొహం ఏ జంతువుకీ పనికిరాదా?" అని ఒకసారి అడిగేశాను.

"నీకేం, చక్కగా ఉంటావు," అన్నారు మట్టిలోంచి తలెత్తకుండా. తలెత్తకుండా అన్నదే నాకు గుర్తుండిపోయింది.

ఈ ఏడు మ్యూజియంవాళ్ళు గుమ్మం దగ్గర ఒక డబ్బా పెట్టారు. పోయిన జంతువుల్లో ఏది మళ్ళీ ఉంటే బాగుంటుందో, ఎందుకో చీటీ మీద రాసి వెయ్యమన్నారు. ఎక్కువమంది అడిగినదాన్ని మేం చెయ్యాలి. ఆ చీటీలు చదువుతూ మేం నవ్వలేక చచ్చాం. ఒకాయనకి డోడో కావాలట, ఈ లోకంలో తనకంటే నెమ్మదైనది ఒకటుందని వాళ్ళావిడకి చూపించాలట. ఒక పిల్లకి మామత్ కావాలట, బడికి బస్సు అక్కర్లేదట. ఒకరు రాక్షసబల్లులు మాత్రం వద్దన్నారు, ఆఫీసులో ఉన్న ఒక్కాయన చాలట. గుంపులుగా ఎగిరి ఆకాశాన్ని కమ్మేసే పావురాలు ఒకప్పుడు ఉండేవి కదా, వాటిని అడిగిన మనిషి మాత్రం కారణం దగ్గర ఇలా రాశారు: "నేను పుట్టేదాకా ఆగి ఉంటే చూసేదాన్ని." ఆ చీటీని మా ఆయన మడిచి పక్కన పెట్టారు.

గెలిచింది సముద్రపు ఆవు. ఈత నేర్పే ఒకావిడ తన శిష్యులందరి చేతా దానికే చీటీలు రాయించింది. అంత లావుండీ అది మునిగేది కాదట, పిల్లలకి ధైర్యం వస్తుందట. ఉత్తరాన చలి సముద్రంలో నాచు మేస్తూ బతికిన జీవి అది. పళ్ళు లేవు, పరుగు లేదు, ఎవరి జోలికీ వెళ్ళేది కాదు. మనిషి కంటబడిన ముప్ఫై ఏళ్ళలోపే ఒక్కటీ మిగలకుండా వేటాడేశారు. ఆ వేటగాళ్ళు ఒక ఆడదాన్ని చంపి ఒడ్డుకి లాగితే, దాని జత మర్నాడూ, ఆ మర్నాడూ ఒడ్డు దాకా వచ్చి అక్కడే ఉందని చూసినవాళ్ళు రాసి పెట్టారు.

"ఇంకేం, నీ వంతొచ్చింది," అన్నారు అత్తగారు. "నీకు పళ్ళున్నాయన్నమాటే గానీ."

నేనూ అదే అనుకున్నాను. ఆ నెలంతా మా ఆయన ఎదుటే కూర్చున్నాను. చీర మార్చుకుని మరీ కూర్చున్నాను. బఠానీలు కూడా ఒలిచాను.

ఒళ్ళు అద్భుతంగా వచ్చింది. చెట్టు బెరడులా గరుకైన చర్మం, పొట్టి ముందు కాళ్ళు, తోక, అన్నీ కుదిరాయి. తల మాత్రం కుదరలేదు. సాయంత్రం దాకా చేస్తారు, చూస్తారు, ముద్ద చేసేస్తారు. మళ్ళీ మొదలు. చివరికి ఒకటి ఉంచారు. అది ఎవరిలాగానూ లేదు. ఉబ్బిన దిండుకి ముక్కు పెట్టినట్టుంది.

మ్యూజియం డైరెక్టరమ్మ చూడడానికి వచ్చి బొమ్మ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. "ఒళ్ళు బాగుంది. ఇందులో ఎవరూ లేరేం?" అంది. వారంలోగా తల కుదరకపోతే ఈసారికి ఇంకెవరికైనా ఇస్తామని చెప్పి వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. కుర్చీ లాక్కుని ఆయన మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేలా కూర్చున్నాను.

"చూడండి. ఇక్కడ చూడండి. ఇది మొహం. చెయ్యండి."

చూశారు. వేళ్ళు కదిలాయి. ముందు నా చెంప వచ్చింది, తరవాత గడ్డం. అంతలో ఆయన అరచేత్తో ఒక్క నొక్కు నొక్కి మొత్తం చదును చేసేశారు.

"అంత బాగోలేనా?" అన్నాను.

"వాళ్ళవన్నీ నాకు తెలియకుండా వచ్చేశాయి," అన్నారాయన మట్టి వంకే చూస్తూ. "నీది వస్తుంటే నాకు ముందే తెలిసిపోతుంది. ఎన్నిసార్లొచ్చిందో నీకు తెలీదు. నేను చేసేది ఇక లేనిదాన్ని కదా. నీ మొహం రాగానే నువ్వు లేవనిపిస్తుంది. నాకు భయమేస్తుంది. చెరిపేస్తాను."

దానికి బదులు చెప్పాల్సినవాళ్ళు గుమ్మంలోనే ఉన్నారు.

"అయితే నేను పోయినా ఫరవాలేదన్నమాట," అన్నారు అత్తగారు.

"నాకు తెలియకుండా వచ్చిందన్నాను కదమ్మా!"

"తెలియకుండా చంపేశావు. తెలిసి చంపితే కనీసం కొడుకన్న మర్యాద ఉండేది." అలా అంటూనే కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరగా వేశారు. ఆవిడ తలుపు వెయ్యడం నేను చూడడం అదే మొదటిసారి.

నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఎదురుగా ఆయన మొహం చూశాను. చెంపలు జారి, పెదవి కాస్త వణుకుతూ, నేను నిజంగా ఎక్కడికో వెళ్ళిపోయినట్టు చూస్తున్నారు.

"పోయినదాన్ని ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?" అన్నాను. "జత కోసం ఒడ్డుకొచ్చినదాన్ని చేద్దాం."

"దాని మొహం ఎలా ఉంటుంది?"

"మీకేం తెలుస్తుంది? మీరు కదలకండి."

మట్టి నేను తీసుకున్నాను. నాకు కళ్ళు పెట్టడం వచ్చు గానీ మొహాలు రావు. చెంప ఎక్కడ జారిందో, పెదవి ఎక్కడ ఆగిందో బొటనవేలితో గుర్తులు పెట్టాను. ఆ గుర్తుల మీద ముడతలూ మీసపు వెంట్రుకలూ ఆయన పూర్తి చేశారు. అద్దం చూసుకోనివ్వలేదు. రెండు రోజుల్లో తల నిలబడింది. అత్తగారు వచ్చి చూశారు. తరవాత ముక్కు ఎగబీల్చి, "ముక్కు వాళ్ళ నాన్నది," అన్నారు.

ఇక మిగిలినవి కళ్ళు. నల్ల గుడ్డు వేశాను. చుట్టూ రంగు కలపబోతూ కుంచె పట్టుకుని అలాగే ఆగిపోయాను. నలుపా? ముదురు గోధుమా? తేనె రంగేమైనా ఉందా? డోడో కంటి రంగు కోసం ఎన్ని పుస్తకాలు తిరగేశానో, ఆ రంగు ఇవాళ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మా ఆయన కళ్ళ రంగు నాకు తెలియదు. నన్ను చూడడం మానేశారని ఇన్నాళ్ళూ మనసులో ఆయన్ని సాధించింది నేనే.

కేకేసి పిలిచి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టాను. వెలుగు పడేలా గడ్డం పట్టుకుని మొహం తిప్పాను. కళ్ళు గోధుమరంగువే. అంచున ఆకుపచ్చ సన్నగా కలిసి ఉంది.

కాసేపయ్యాక, "కుదిరిందా?" అన్నారు.

"ఇంకా లేదు. కదలకండి," అన్నాను. రంగు అప్పటికే కుదిరింది.