ఒడిబియ్యం ఏడు కిలోలు

సూరత్ నుంచి మా చెల్లెలు సులోచన ఫోను చేసింది. ఆమె మగడు ఈరన్నను ఆస్పత్రిలో గాజు తలుపుల లోపల పడుకోబెట్టి, గొంతులో గొట్టం వేశారు. ఇంక ఆశ పెట్టుకోవద్దని డాక్టర్లు చెప్పేశారు. ఆ మాట ముందురోజు చెప్పినప్పుడు బాగా ఏడ్చింది. ఈరోజు మాత్రం ఏడవలేదు.

"అక్కా, ఒక్కసారి వచ్చి నాకు ఒడి నింపి పో," అంది.

నాకు వేరే చెప్పనక్కరలేకపోయింది. పెళ్ళయిన ఆడబిడ్డ ఒళ్ళో పుట్టింటివాళ్ళు బియ్యం, పసుపు, చీర, రవికగుడ్డ పోస్తారు కదా, అది మగడు బతికున్నంతవరకే. ఆయన ఊపిరి ఆగితే ఆమె ఒళ్ళో పిడికెడు గింజలు పోసేవాళ్ళు కూడా ఉండరు. మా పుట్టిల్లు ఎమ్మిగనూరు. అమ్మానాయనా పోయారు, తమ్ముడూ పోయాడు, ఇల్లు అమ్ముడుపోయింది. ఇప్పుడు దానికి పుట్టిల్లు అంటే ఆదోనిలో ఉన్న నేనే.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా మనవడు శశికాంత్ అప్పటికప్పుడే టికెట్లు తీశాడు.

"అవ్వా, రేపు పొద్దున విమానం. నేనూ వస్తా నీతో. సేతిలో పట్టుకుపోయే సామాను ఏడు కిలోలే. పెట్టె కొలతలు తాత ఫోనుకు పంపిస్తాండా, అంతకు మించితే లోపలికి రానీరు. ఎండుకొబ్బరి మాత్రం పెట్టాకు. నూనె ఉంటాది, అంటుకుంటాదని విమానం ఎక్కనీరు. సూరత్‌లో కొందాం."

"ఒడిబియ్యంలోకి బజారు కొబ్బరా!"

"కొబ్బరి కోసం విమానం నిలుపుతారా అవ్వా?"

మా ఆయన గోవిందన్నది పత్తి మండీ. జీవితమంతా తూకాల్లోనే గడిచింది. ఎవరి పెళ్ళిలోనో వచ్చిన గట్టి చక్రాల పెట్టెను అటక మీద నుంచి దింపించి, టేపు పట్టుకుని పొడుగూ వెడల్పూ ఎత్తూ కొలిచాడు. శశికాంత్ పంపిన కొలతకు సరిగ్గా సరిపోయింది. ఆ తర్వాత మండీ నుంచి కాటా తెప్పించాడు. మాధవరం నుంచి మాకొచ్చే కొత్త బియ్యం పోశాను. బెల్లం, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు, వక్కలు, ఆకుపచ్చ చీర, రవికగుడ్డ ఒక్కొక్కటే పెడుతూ పోయాను. ఏడు కిలోలకు ముల్లు నిలబడేదాకా మళ్ళీ బియ్యం పోశాను.

"పెట్టె గూడా పెట్టి తూయాల్నేమో?" అన్నాను.

"ఏందే, ఇన్నేండ్లు మండీవాని ఇంట్లో ఉండి ఆ మాటంటావు? గోతం బరువు తీసినాక మిగిలేది గదా సరుకు? గోతాన్ని గూడా పత్తి అని తూసేవాడు యాడన్నా ఉన్నాడా?"

"వాళ్ళు అట్ల తీస్తారో తీయరో..."

"విమానం నడిపేవాళ్ళకు ఆ మాత్రం తెలీదా?" అన్నాడు. మా ఇంట్లో ఎప్పుడూ చూసింది అదే. నాకూ సబబుగానే తోచింది.

ఒడిబియ్యం కొలిచాక నేల మీద పెట్టకూడదంటారు. కారులో ఆదోని నుంచి బెంగళూరు దాకా ఆ పెట్టెను ఒళ్ళోనే పెట్టుకున్నాను. విమానాశ్రయం గుమ్మంలో శశికాంత్ ఎదురొచ్చి, బరువుకు కాళ్ళు పట్టేసిన నన్ను చేయి పట్టి దింపాడు.

లోపల పెట్టెల కొలత చూసే ఇనుప చట్రం ఒకటి ఉంది. పెట్టె అందులో చక్కగా దిగింది. "సూస్తివా, మీ తాత కొలత!" అన్నాను. పక్కనే ఉన్న కాటా మీద పెట్టేసరికి పది దాటింది.

కౌంటరు దగ్గరున్న పిల్ల కన్నడంలో, "అజ్జీ, ఏళు కేజీ మాత్ర," అంది. ఏడు మాత్రమేనట. ఆదోనివాళ్ళకు కన్నడం కొత్త కాదు.

"ఏడే తల్లీ. మిగిలింది పెట్టెది," అన్నాను నేనూ ఆ భాషలోనే.

"పెట్టె కూడా లెక్కే అజ్జీ."

శశికాంత్ తల పట్టుకున్నాడు. "దుడ్లు కట్టి కింద ఏసేద్దాం అవ్వా, విమానం కడుపులో వస్తాది."

"అందరి చెప్పుల మూటల కింద ఒడిబియ్యమా? నేల తగలకుండా తెచ్చినా రా ఇంత దూరం!"

"ఈయమ్మకు ఒడిబియ్యం అంటే ఏం తెలుస్తాది అవ్వా?"

ఆ పిల్లకు మా మాట అర్థమైనట్టుంది. తమ ఇంట్లోనూ ఉడి తుంబుతారని, అంటే ఒడి నింపుతారని, వాళ్ళమ్మకు మొన్ననే నింపారని చెప్పింది. ఎవరికని అడిగింది. చెప్పాను. అయితే పెట్టె వదిలేసి గుడ్డలో మూట కట్టుకుని రమ్మంది.

కప్పుకున్న దుప్పటి తీసి కుర్చీ మీద పరిచి, అన్నీ అందులోకి దింపి ముడి వేశాను. మళ్ళీ తూస్తే ఏడుకు కొంచెం పైన చూపించింది. ఆ పిల్ల కాటా వైపు చూడకుండానే చీటీలు చేతికిచ్చింది. ఖాళీ పెట్టెను స్తంభం పక్కన పెట్టి, బతికిపోయాం రా దేవుడా అనుకుంటూ నడిచాం.

తనిఖీ వరస దాకా పోయామో లేదో, తుపాకులు పట్టుకున్న జవాన్లు వచ్చి శశికాంత్ భుజం పట్టుకున్నారు.

"ఆ పెట్టె మీదేనా? ఎందుకు వదిలేశారు?"

"ఖాళీది సార్. బరువు ఎక్కువైతే పారేసినాం."

"విమానాశ్రయంలో పెట్టె పారేస్తారా?"

జనాన్ని దూరంగా జరిపి, కుక్కను తెచ్చి వాసన చూపించారు. పెట్టె లోపలి గుడ్డ చింపి చూశారు. మా పేర్లు, ఊరు, ఎక్కడికి పోతున్నామో అన్నీ అడిగారు. నా మూట విప్పించి పసుపుకొమ్ములు కూడా ఒక్కొక్కటే తిప్పి చూశారు. వాళ్ళ తప్పేముంది, వాళ్ళ పని అది. పొమ్మన్నాక పరుగెత్తాం. నాది పరుగేమిటి, వాడు నన్ను లాక్కుపోయాడు. మేం చేరేసరికి తలుపు వేసేశారు. గాజులోంచి విమానం కనిపిస్తూనే ఉంది.

"మధ్యాహ్నం ఇంకోటి ఉంది అవ్వా, టికెట్టు తీస్తా. నువ్వు కూర్చో," అన్నాడు. వాడి చొక్కా చెమటతో తడిసిపోయింది.

కూర్చున్న కాసేపటికే ఫోను మోగింది. సులోచన.

"అక్కా, ఎక్కినావా?"

"లేదే. తప్పిపాయె. మధ్యాహ్నం దానికి వస్తాండా. బియ్యం నా దగ్గరే ఉండాయి."

అవతల ఎవరో ఏడుస్తున్నారు, సులోచన కాదు.

"బియ్యం తేవాకు అక్కా," అంది. "నువ్వు వస్తాండావని తలంటుకోని, కొత్త గాజులేసుకోని కూసున్నా. తియ్యమంటాండారు."

"నేనొచ్చేదాకా తీయనీయాకు."

"నువ్వొచ్చి ఏం జేస్తావు?" అంది. మళ్ళీ తనే, "రా అక్కా. ఊరికే రా," అని పెట్టేసింది.

శశికాంత్ వచ్చి టికెట్టు దొరికిందన్నాడు.

"మీ తాతకు ఫోను జెయ్యి. చీర కొని పంపించాల అని సెప్పు. పదకొండో దినానికి అందాల."

"చీర మూటలో ఉంది గదా అవ్వా?"

"అది గాదు నాయనా."

వాడు రంగు అడగలేదు. ఫోను పట్టుకుని దూరంగా పోయాడు. ఆ బియ్యం ఆమెకు ఇవ్వకూడదు. ఆడబిడ్డకని కొలిచినవి తిరిగి ఇంటికీ తీసుకుపోకూడదు. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నా మూటను ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాను.