సొరంగంలోకి జారిన దేవర ముఖం

జాతరకు ముందు దేవర వెండి ముఖాన్ని బావిలో కడగడం గంగాధరప్ప ఇంటి సేవ. ఆ ఏడాది మెట్ల పాచి మీద అతని కాలు జారింది. ముఖం నీళ్లలో పడిపోయింది.

రాయచెర్లులో సోలార్ కంచె పక్కనున్న ఆ బావి కరువులో ఎండిపోతే, ఊట కోసం అడుగున అడ్డంగా సొరంగం కొట్టారు. ఇప్పుడది వానలకు నిండి ఉంది. అప్పట్లో ఆ సొరంగం కొట్టినవాళ్లలో కొల్లప్ప ఒకడు. గొర్రెలు మేపుకుంటున్నవాడిని పిలిస్తే వచ్చాడు. ఒకసారి మునిగి తేలాడు.

"ముఖం సొరంగంలోకి జారిండాది సామీ. లోపల నెత్తిన బండే. నడుముకు మోకు కట్టండి."

అక్కడున్నది ఒక్కటే మోకు. మొన్న చచ్చిన ఎద్దును దానితోనే ఈడ్చారు.

"దేవరుండే నీళ్లలోకి ఆ మైల మోకా?" అన్నాడు గంగాధరప్ప.

"ఇంటికాడ్నించి ఇంకోటి తెప్పీండి."

"పూజకు పొద్దు పోతాది. నువ్వు తొవ్విందే కదప్పా. దేవర చూసుకుంటాడు, పో."

"దేవర చూస్తాడు సరే, బురద లేస్తే నాకు కనపడొద్దా?" అని నవ్వి కొల్లప్ప మునిగాడు.

కాసేపటికి అడుగు బురద లేచి నీళ్లు ఎర్రబారాయి. బుడగలు వచ్చి, ఆగిపోయాయి. గంగాధరప్ప స్తోత్రం మొదలుపెట్టాడు కానీ మొదటి నామం దాటలేకపోయాడు. మోకు చేతికందే దూరంలోనే ఉంది. ఇప్పుడు వేసినా, దాన్ని పట్టుకోవలసిన చెయ్యి లోపల ఎక్కడుందో తెలియదు.

కొల్లప్ప తేలేసరికి నుదురు చీరుకుపోయి ఉంది. వేళ్ల నుంచి రక్తం కారుతోంది. మెట్టు మీద బోర్లా పడి దగ్గాడు.

"బురదలో దారి తప్పినా. యాడ తడిమినా బండే. ముఖం దొరకలే."

సంగతి విని అతని భార్య ఓబక్క పరుగున వచ్చింది. "మోకు లేకుండా దిగేంత తిక్క ఏంది నీకు? ఎవరు చెప్పినారు?"

కొల్లప్ప తల ఎత్తలేదు. "ఎవరూ చెప్పలే. నేనే వద్దంటి."

గంగాధరప్ప ఊరుకుంటే ఆ మాటే నిలిచిపోయేది. ఈ మడి దేవర అడిగాడా, తానే దేవర పేరు చెప్పాడా అని గంగాధరప్ప తడబడ్డాడు.

"కాదు ఓబక్కా. మైలని వద్దన్నది నేనే."

ఓబక్క అతన్ని ఎగాదిగా చూసింది. "అంత చూసుకునే దేవరైతే, ఆయప్పే మునిగి తెచ్చుకోకూడదా సామీ?"

నీళ్లు తగ్గేదాకా ఎవరూ దిగకూడదన్నాడు గంగాధరప్ప. జాతరలో ముఖం లేని దేవరను చూసి అడిగినవాళ్లందరికీ జరిగింది దాచకుండా చెప్పాలనుకున్నాడు. మొదటి మనిషికి చెప్పగలిగాడు. రెండో మనిషికి మాత్రం, తన కాలు జారి ముఖం బావిలో పడిపోయిందని చెప్పి, కొల్లప్ప సంగతి ఎత్తకుండా తల దించుకున్నాడు.