బసమ్మ పెంచిన వాలుగ

మా పెరట్లో రాతి తొట్టిని నూలు నానబెట్టుకోవడానికి మా నాయన పెట్టించాడు. ఎమ్మిగనూరులో మగ్గమున్న చాలా ఇళ్లలో అలాంటిది ఉంటుంది. మా తొట్టిలో మాత్రం చేప కాపురముండేది. నూలు నానబెట్టాలంటే నేను పక్కింటి వాళ్లను బతిమాలుకోవాలి.

డెబ్బై ఆరులోనో ఏడులోనో కాలువ నీళ్లు తెచ్చి పోస్తే, అందులో వేలెడంత పిల్ల వచ్చింది. దోమలు తింటుంది, ఉండనీ అంది నా భార్య బసమ్మ. గంగవ్వ అని పేరు కూడా పెట్టింది. మెడలో లింగం కట్టుకున్న కొంప మాది, గుడ్డు కూడా గడప దాటి రాదు. ఏ చేప ఏం తింటుందో మాకేం తెలుసు? మేం తినేదే దానికీ వేశాం. జొన్నరొట్టె, బొరుగులు, పండగైతే ఒక భక్ష్యం. బసమ్మ తొట్టి అంచుకు గాజులు తాటించిందంటే చాలు, మీసాలాడించుకుంటూ పైకొచ్చేది. మా గంగవ్వది మనకంటే నిష్ఠ అని బసమ్మ వీధంతా చెప్పుకునేది. ఆ ఏడాదికే పెరట్లో కప్పల అరుపులు ఆగిపోయాయి. వానలు సరిగా లేవు కదా, ఎటో పోయాయనుకున్నాం.

ఎనభై వచ్చేసరికి గంగవ్వ నా చెయ్యికన్నా పొడవైంది. తొట్టిలో తిరగబోయినప్పుడల్లా ముక్కు రాతికి గీసుకుని పుండు పడింది. ఇక్కడే ఉంటే చస్తుందని నాకే తెలిసిపోతోంది. బసమ్మకు అన్నం సయించలేదు. పోనీ ఎవరికైనా ఇద్దామంటే, చూడవచ్చిన ప్రతివాడూ కళ్లతోనే తూకం వేసేవాడు. పక్కింటి రంగన్న అయితే, ఇంట్లో చింతపండు ఉందా అని గోడ మీంచే పెళ్లాన్ని కేకేశాడు. బసమ్మ వాడితో మాటలు మానేసింది. దాంతో నాకు వాళ్ల తొట్టి కూడా లేకుండా పోయింది.

మా దగ్గర చీరలు కొనే యూసుఫ్ సాబ్ ఆదోని నుంచి వచ్చినప్పుడు బసమ్మ తన గోడు వెళ్లబోసుకుంది.

"మా దర్గా కాడ హౌజులో ఇడుద్దాం అక్కా. ఆడ చేపల్ని ఎవురూ పట్టరు. వచ్చినోళ్లంతా బొరుగులేసి పోతారు" అన్నాడాయన.

బొరుగులనగానే బసమ్మ ముఖం విచ్చుకుంది.

"ఏం తింటాది ఇది?" అనడిగాడు యూసుఫ్ సాబ్.

"మా ఇంట్లో ఏముంటే అదే అన్నా. పప్పు, రొట్టె."

ఆయన నా వైపు చూశాడు. నాకూ పెట్టేది అదే కదా అన్నట్టు తలాడించాను.

పత్తి లారీ తోలే ఇస్సాకు మమ్మల్ని ఎక్కించుకున్నాడు. గంగాళంలో గంగవ్వ, దాని మీద తడిపిన దుప్పటి. ఆదోని దాకా దారంతా గతుకులే. బసమ్మ గంగాళాన్ని కావలించుకుని కూర్చుంది. సగం నీళ్లు ఆమె చీరకే పోయాయి.

హౌజంటే దర్గాకు వచ్చినవాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కునే రాతి కొలను. నిండా చిన్న చిన్న చేపలు. గంగవ్వను వదలగానే అడుక్కు పోయింది. బసమ్మ అందరికీ దాని నిష్ఠ చూపించాలని మెట్టుకు గాజులు తాటించి బొరుగులు చల్లింది. చిన్న చేపలన్నీ మూగాయి. గంగవ్వ కూడా వచ్చింది. నోరు తెరిచింది. రెండు చేపలు కనపడలేదు. మళ్లీ తెరిచింది.

"ఇది వాలుగ కదప్పా" అన్నాడు ఇస్సాకు. "మంచినీళ్ల సొరచేప. దీనికి రొట్టె పెట్టినారా?"

బసమ్మ మెట్టు మీద కూలబడింది. "ఇన్నేండ్లు దాన్ని ఆకలితో మాడ్చినానే" అంది.

"ఆకలి యాడిదే? పెరట్లో కప్పలన్నీ ఏమైనాయి మరి?" అన్నాను నేను. అంతకన్నా ఓదార్చడం నాకు చేతకాలేదు. ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

యూసుఫ్ సాబ్ నెమ్మదిగా అన్నాడు. "ఈడ వద్దక్కా. నదికి తీసుకపోదాం."

"నదిలో వలలుంటాయి కదన్నా."

"ఉంటాయి. తిండి కూడా ఉంటాది."

ఆమె తనే మెట్టుకు గాజులు తాటించింది. గంగవ్వ నమ్మి వచ్చింది. మేం దుప్పటితో ఎత్తి మళ్లీ గంగాళంలో వేశాం, ఇస్సాకు లారీని నది వైపు తిప్పాడు.

తుంగభద్ర ఒడ్డున నిజంగానే వలలు ఆరేసి ఉన్నాయి. బసమ్మ వాటిని చూసి కూడా ఆగలేదు. మోకాలి లోతుకు దిగి, తన చేతులతోనే వదిలింది. గంగవ్వ పోలేదు. అంత నదిలోనూ తొట్టి అంత జాగాలోనే, ఆమె కాళ్ల దగ్గరే తిరుగుతోంది. మూటలో దానికని తెచ్చిన రొట్టె ఇంకా ఉంది. తీసివ్వమంటావా అని అడిగాను. వద్దని తలూపింది.

"ఒడ్డుకు అలవాటైతే వల్లో పడతాది" అంది.

చేతుల గాజులు కదిలి చప్పుడవుతుందని, రెండు చేతులూ కొంగులో చుట్టి గుండెకు అదుముకుని నిలబడింది. కాసేపటికి నీళ్లలో ఆ నల్లటి వీపు అటు తిరిగి, లోతుకు పోయింది.

మళ్లీ లారీ ఎక్కేదాకా ఆమె కొంగు విప్పలేదు.